సొంతంగా చదవడం వచ్చాక కూడా పిల్లలకు మనం చదివి వినిపించాలా?

పాప_అమ్మ: మా పాప రెండో తరగతి. కూడబలుక్కుని చదువుతుంది. ఇక తనే చదువుకోనివ్వమని ఇంట్లో అందరూ అంటున్నారు. కానీ ఒక్కతే కూర్చుంటే రెండు పేజీలకే పుస్తకం మూసేస్తుంది. నేను చదివితే మాత్రం కదలకుండా వింటుంది. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారండీ?

బడి_టీచర్: దయచేసి ఆపకండి. ఈ వయసులో పిల్లల ఓపికంతా అక్షరాలు కలుపుకోవడానికే సరిపోతుంది, కథ మీదికి మనసు పోదు. విని అర్థం చేసుకోగలిగేది మాత్రం సొంతంగా చదవగలిగేదానికంటే చాలా ఎక్కువ. అందుకే తను చదవడానికి తేలికైన పుస్తకం ఇవ్వండి, మీరు వినిపించడానికి కాస్త పెద్ద కథ పెట్టుకోండి. మనం రోజూ మాట్లాడుకునేటప్పుడు రాని మాటలెన్నో కథల్లోనే చెవిన పడతాయి.

కథల_నాన్న: మాది వంతుల పద్ధతి. వాడొక పేజీ, నేనొక పేజీ. తడబడితే కాసేపు ఆగుతాను, అప్పటికీ రాకపోతే మాట అందించి ముందుకెళ్లిపోతాం. మొన్న ఎలుక పారిపోయిందని నేను చదువుతుంటే, "లేదు నాన్నా, పెట్టె వెనకాలే ఉంది, తోక చూడు" అన్నాడు. బొమ్మలో నిజంగానే తోక కొస కనిపిస్తోంది! ఆ తర్వాత ప్రతి పేజీలో తోక వెతకడమే వాడి పని. ఆ రోజు కథ సగంలోనే ఆగింది. అయినా నాకు చాలా సంతోషంగా అనిపించింది.

చదువరి: కథ మధ్యలో ఆగి మీరు బాబుతో మాట్లాడినదానికి పరిశోధన ఆధారం కూడా ఉందండీ. 1988లో అమెరికా మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు ఇలాగే నేర్పింది: ఊరికే చదువుకుంటూ పోకుండా ప్రశ్నలు అడగడం, పిల్లలు చెప్పిన జవాబును ఇంకో మాట కలిపి పెంచడం. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాట తీరు మామూలుగా కథ విన్న పిల్లలకంటే మెరుగుపడింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే పసితనం నుంచే చదివి వినిపించమని 2014లో చెప్పింది. ఒక్కటే మనవి, ప్రశ్నలు పరీక్షలా ఉండకూడదు. "నీతి ఏమిటి?" అన్నామంటే పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది.

అమ్మమ్మ: మనవరాలు దూరంగా ఉంటుంది. ఒకే పుస్తకం ఆమె దగ్గరొకటి, నా దగ్గరొకటి. వీడియో కాల్‌లో చదువుకుంటాం. నేను ఒక్క వాక్యం దాటేసినా పట్టేస్తుంది! అదే కథ మళ్లీ మళ్లీ అడుగుతుంది, విసుక్కోకుండా చదువుతాను. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే పిల్లలకు ఎంత ధైర్యమో.

పెద్దాడి_అమ్మ: మావాడికి పన్నెండేళ్లు, పక్కన కూర్చోమంటే కూర్చోడు. కామిక్స్, ఆటల పత్రికలు తనే ఎంచుకుంటాడు. నేనూ అవే చదివి, అతనితో వాదన పెట్టుకుంటాను. అదీ కలిసి చదవడమే అని నా నమ్మకం.

పాప_అమ్మ: అందరికీ ధన్యవాదాలు. వంతుల పద్ధతి ఈ రాత్రే మొదలుపెడతాం. కానీ వాళ్ల నాన్న వచ్చేసరికి పాప నిద్రపోతుంది. ఆయన ఎప్పుడు చదవాలి?

కథల_నాన్న: పొద్దున చదవొచ్చండీ. బడికి తయారయ్యాక పది నిమిషాలు దొరికినా చాలు, రాత్రే చదవాలని ఏమీ లేదు.