ఎదురంగడాయన రోజూ టీకి పిలుస్తాండాడు, పోవాల్నా వద్దా?

అనంత_వైండింగ్:

అందరికీ నమస్తే అన్నా. మాది అనంతపురం, తాడిపత్రి బస్టాండు కాడ మోటారు వైండింగ్ అంగడి (కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే పని) పెట్టి రెండేండ్లయింది, అంతకుముందు పదేండ్లు వేరే ఊర్లో కూలికి చేసినా. మా అంగడికి సరిగ్గా ఎదురుగా ఇంకో వైండింగ్ అంగడి ఉండాది. ఆయప్ప ఇరవై ఐదేండ్ల నుంచి అదే పని, చుట్టుపక్కల పల్లెల్లో ఆయప్పను తెలీని రైతు లేడు. నేను అంగడి తెరిచిన రోజు టెంకాయ కొట్టే టయానికి ఆయప్పే వచ్చి నిలబడినాడు, నేను పిలవను కూడా పిలవలే, సిగ్గేసింది.

మొన్న ఏప్రిల్‌లో ఒకాయన చీనీ (బత్తాయి) తోట రైతు, బోర్లో దించే 7.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు కాలిపోయిందని తెచ్చినాడు. మీకు తెలుసు కదా ఎండాకాలంలో మాకు పని ఎట్లుంటాదో, కరెంటు వచ్చిందంటే అందరూ ఒకేసారి మోటార్లు ఆన్ చేస్తారు, ఓల్టేజీ పడిపోతాది, లేదంటే ఒక ఫేజు పోతాది, లేదంటే బోర్లో నీళ్లు లేక మోటారు వట్టిగా తిరుగుతాది, ఎట్లైనా కాలేది మోటారే. ఆ రైతేమో చెట్లు వాడిపోతాండాయి ఈ పొద్దే కావాలంటాడు, నాకాడ దానికి చుట్టే ఆ మందం పాలీ వైరు అయిపోయింది, ఆదివారం, యాడా అంగళ్లు లేవు. ఎదురాయన చూసి ఏమప్పా గమ్మున కూచున్యావ్ అని, సంగతి చెప్తే లోపలికి పోయి వైరు కాటా పెట్టి తూకం రాసి ఇచ్చినాడు. దుడ్లు వద్దన్యాడు, నువ్వు తెచ్చినప్పుడు వైరే ఇయ్‌పో అన్యాడు. ఇంకోసారి ఫలానా ఊరి ఆసామికి అప్పు పెట్టొద్దు, నాకే మూడు మోటార్ల బాకీ ఉండాడని చెప్పినాడు, ఆ మాట వినే బతికినా.

ఇప్పుడు సమస్య ఏందంటే, అంగడికి పెట్టుబడి పెట్టింది మా బావ. ఆయన చూసి, వాడు నీ గిరాకీని లెక్కపెట్టుకునేకి వస్తాండాడు, నీకు బుద్ధుండాదా అని తిడుతాండాడు. నేను కొట్టిపారేసినా గానీ ఈ మధ్య ఎదురాయన రెండు మాటలన్యాడు. ఒకటి, ఇద్దరం ఒకే రేటు పెట్టుకుందాం, రైతులు నీకాడికి నాకాడికి తిరిగి బేరమాడేది పోతాది అని. రెండోది, నీకాడ ఉండే పిల్లోడు బాగా చుడుతాండాడే, ఎంతిస్తాండావు వానికి అని. ఈ రెండోది విన్నప్పటి నుంచి టీ తాగేకి మనసొప్పుకోడంల్యా. మీ ఊర్లల్లో పోటీ అంగళ్లోళ్లతో మీరెట్లుంటారు, కొంచెం చెప్పండి.

మ్యాచింగ్_అక్క_కడప:

తమ్ముడూ, మాది వై.వి. స్ట్రీట్‌లో మ్యాచింగ్ సెంటర్, జాకెట్ ముక్కలు, లైనింగులు, ఫాల్సు. మా పక్కన అదే అంగడి, దాని పక్కన కూడా అదే అంగడి. మా వీధిలో పోటీ అనుకుని మొహాలు తిప్పుకుంటే పొద్దున పదింటికే అంగడి మూసుకోవాల. ధర్మవరం పట్టుచీర పట్టుకుని ఒకామె వస్తుంది, ఆ చిలకపచ్చకు సరిపోయే ముక్క కావాలంటది, నాకాడ పచ్చలే నలభై రకాలుంటాయి, ఆ నలభై కాక ఇంకోటి కావాల ఆమెకు! అప్పుడు మా పాపను చీర కొంగు పట్టించి పక్కంగడికి పంపిస్తా, వాళ్లు వాళ్ల కొన్న ధర మీద కొంచెం వేసుకుని ఇస్తారు, మిగిలింది నాది. సాయంత్రం నోటుబుక్కులో చూసుకుని లెక్క కట్టుకుంటాం. రంజాన్ ముందర వారమైతే రోజుకు ఎన్నిసార్లు పాప అటూ ఇటూ తిరుగుతుందో లెక్కే లేదు.

ఆమెకు లేదని చెప్పి పంపించినాననుకో, ఆమె పక్కంగడికి పోదు, ఆటో ఎక్కి వేరే బజారుకు పోతాది. వీధిలో పది అంగళ్లుంటేనే పల్లెలనుంచి జనం ఈ వీధికి వస్తారు, ఒక్కటే ఉంటే ఎవరొస్తారు. మీ ఎదురాయన లేకుంటే తాడిపత్రి బస్టాండు కాడ వైండింగ్ ఉందని ఆ పల్లెలోళ్లకు తెలిసేదే కాదు, ఆయన ఇరవై ఐదేండ్ల పేరు మీద నువ్వు కూడా బతుకుతాండావు, మీ బావకు చెప్పు ఈ మాట.

కానీ పిల్లోని సంగతి వేరే. మా వీధిలో ఒక కట్టుబాటుంది, పక్కంగట్లో పనిచేసే పాపను మనం పిలవకూడదు, తనంతట తాను వస్తే ముందు ఆ ఓనర్‌కు చెప్పి తీసుకోవాల. రాసుకున్నది కాదు, అయినా ఎవరూ దాటరు. దాటినామె ఒకామె ఉంది, ఆమెకు ఈ పొద్దుకు కూడా ఎవరూ ముక్క ఇవ్వరు.

టెంట్‌హౌస్_ప్రొద్దుటూరు:

నేను ఒప్పుకోను అక్కా. మాది షామియానా, కుర్చీలు, వంట సామాన్లు బాడుగకు ఇచ్చే పని. ముహూర్తాలున్న రోజుల్లో ఎవరికైనా సామాను చాలదు, ఒకరికాడ ఒకరు తెచ్చుకోవాల్సిందే, అది లేకుంటే మా పనే లేదు. ఒకాయనతో అట్లనే అన్నదమ్ముల మాదిరి ఉంటిమి. ఒక పెద్ద పెండ్లి నాకొచ్చింది, 300 కుర్చీలు తక్కువైతే ఆయప్పను అడిగినా, నవ్వుతా ఇచ్చినాడు. పెండ్లిలో కుర్చీల వెనక చూస్తే పెద్ద అక్షరాలతో ఆయప్ప అంగడి పేరు, ఫోన్ నంబరు, కొత్తగా పెయింటు వేయించినట్టుండాది. మరుసటి ఏడాది ఆ ఇంట్లోనే రెండో పిల్ల పెండ్లి, ఫోన్ నాకు రాలే, కుర్చీ మీదున్న నంబరుకు పోయింది. పైగా నా కుర్చీలే బాడుగకు అడిగినాడు ఆ పెండ్లికి!!

ఇచ్చినా అనుకో. అది వేరే కథ.

కాబట్టి తమ్ముడూ టీ తాగు, పైసలు నువ్వు కట్టు, గిరాకీ పేర్లు మాత్రం నోట్లోంచి రానీయొద్దు.

మ్యాచింగ్_అక్క_కడప:

అన్నా మీరు కూడా పెయింటు వేయించుకోవాల్సింది కదా 😄

టెంట్‌హౌస్_ప్రొద్దుటూరు:

వేయించినా అక్కా, ఇప్పుడు చెంబులకు కూడా ఉండాది.

కర్నూలు_నోటుబుక్కులు:

మాది కర్నూలు పాతూర్లో స్టేషనరీ హోల్‌సేల్, మా నాయన కాలం నుంచి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊర్లోకి వచ్చినప్పుడు మా గోడౌన్‌లో స్లాబు దాకా నీళ్లే. నోటుబుక్కు తడిస్తే ఎట్లుంటాదో చూసినారా, కట్టలు ఉబ్బి ర్యాకులు పగలగొట్టినాయి, నీళ్లు తీసినాక చూస్తే బురద, దాన్లో అట్టలు. మా నాయన మెట్ల మీద కూచుని మూడు రోజులు మాట్లాడలేదు. అప్పుడు నీళ్లు రాని ఏరియాలో ఉండే మా పోటీ అంగడాయన, సంవత్సరాల తరబడి స్కూళ్ల ఆర్డర్ల కోసం మాతో కొట్లాడినాయన, ఆయనే వచ్చి తన స్టాకులో సగం నీ పేరు మీద అమ్ముకో, స్కూళ్లోళ్లు నిన్ను మర్చిపోతే మళ్లీ రారు అన్నాడంట. దుడ్లు సంక్రాంతి దాటినాక ఇచ్చినాం.

ఇదంతా చెప్తే ఆయన దేవుడనుకుంటారు, కాదు. తర్వాతి జూన్‌లోనే ఒక స్కూలు ఆర్డర్‌లో డజనుకు 2 రూపాయలు తగ్గించి కొట్టుకపోయినాడు, మా నాయన ఇంటికొచ్చి నవ్వినాడు, అమ్మకు కోపం వచ్చింది. నాకప్పుడు ఇదేం స్నేహమో అర్థం కాలే, ఇప్పుడు నేను గల్లాలో కూచుంటే అర్థమైతాంది. యాపారం యాపారమే, నీళ్లొచ్చినప్పుడు నీళ్లొచ్చినప్పుడే.

లెక్కలు_చూసేవాడు:

నేను అనంతపురంలోనే చిన్న అంగళ్లకు జీఎస్టీ రిటర్న్స్ వేస్తుంటా. స్నేహం సంగతి మీ ఇష్టం గానీ రెండు విషయాలు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. వైరు తీసుకుని వైరు తిరిగి ఇచ్చేది బాగానే ఉంటుంది, కానీ ఇద్దరికీ జీఎస్టీ నంబర్ ఉంటే వస్తువుకు వస్తువు మార్చుకున్నా చట్టం లెక్కలో అది సప్లయే. ఆయన మీకు బిల్లు వేయాలి, మీరు తిరిగి ఇచ్చేటప్పుడు మీరు ఆయనకు వేయాలి. లేకుంటే ఎప్పుడైనా చెకింగ్‌కు వస్తే ఒకరి అంగట్లో స్టాకు ఎక్కువ, ఇంకొకరి అంగట్లో తక్కువ తేలుతుంది, అప్పుడు మా తమ్ముడి లాంటోడు సార్ అంటే వినరు. నంబర్ లేకుంటే నోటుబుక్కు చాలు, ఆయన తూకం రాసినట్టే మీరూ రాసుకోండి.

రెండోది రేటు. ఏం తీసుకుంటున్నావని టీ దగ్గర అడగడం తప్పు కాదు, రైతులే చెప్తారు ఎట్లాగూ. కానీ ఇద్దరూ కూచుని ఇంతకు తక్కువ చేయం అని ఒప్పందం చేసుకోవడం 2002 కాంపిటీషన్ చట్టంలో సెక్షన్ 3 కింద తప్పు, చిన్నోళ్లు పెద్దోళ్లు అని లేదు. రెండు వైండింగ్ అంగళ్ల కోసం ఢిల్లీ నుంచి ఎవరూ రారు, అది నాకూ తెలుసు. అసలు ప్రమాదం పంచాయతీ బోర్ల దగ్గర ఉంది. మోటారు రిపేరుకు మూడు కొటేషన్లు కావాలంటారు, ఒకడు తన కొటేషన్ పెట్టి, మిగతా రెండు స్నేహితుల లెటర్‌హెడ్ మీద ఎక్కువ రేటు రాయించి పెడతాడు. అందరూ చేస్తారు, ఏమీ కాదంటారు, ఆడిట్‌లో పడ్డ రోజు మాత్రం లెటర్‌హెడ్ మీద సంతకం ఎవరిదో వాళ్లనే పిలుస్తారు. మీ లెటర్‌హెడ్ ఎవరికీ ఖాళీగా ఇవ్వద్దు, ఎంత టీ తాగించినా సరే.

అనంత_వైండింగ్:

అందరికీ థ్యాంక్స్ అన్నా, అక్కా. లెటర్‌హెడ్ మాట చదివి గుండె జల్లుమన్యాది, పోయిన నెల ఒకటి ఇచ్చినా నేను, ఎదురాయనకు కాదులే, వేరేవాళ్లకు. వాపసు తెచ్చుకుంటా.

నిన్న సాయంత్రం టీకి పోయినా. రేటు మాట ఎత్తితే, అన్నా మోటారు కాలిన తీరు బట్టి తీసుకుంటా నేను, ఒకే రేటు కుదరదులే అన్యా. సరేలే అన్యాడు, అంతే, ఏమీ అనుకోలే. పిల్లోని సంగతి నేనే అడిగినా ధైర్యం చేసి, మావోన్ని తీసుకుంటావా ఏంది అని. ఆయప్ప పకపకా నవ్వినాడు. ఆయప్ప కొడుక్కు ఈ పని వద్దంట, బెంగళూరు పోయినాడంట, తన తర్వాత అంగడి ఎవరు చూస్తారా అని ఊరికే అడిగినాడంట. నిజమో అబద్ధమో నాకు తెలీదు, పిల్లోనికి మాత్రం ఈ నెల నుంచి జీతం పెంచినా. బావకు ఇంకా చెప్పలే.

వైరు బాకీ కూడా తూకం వేసి ఇచ్చేసినా. ఉండండి, పిలుస్తాండాడు, 6 అంగుళాల మోటారొకటి బండి మీద నుంచి దించేకి ఇద్దరు కావాలంట, పోయొస్తా.