పాత డెస్క్‌టాప్‌కి ఏ లినక్స్? మూడు చూశాక ఇంకా అయోమయం

పాతసీపీయూ:
2013లో కొన్న సిస్టమ్. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, 11 ఏమో ఎనిమిదో తరం కన్నా పాత ఇంటెల్‌ని గుమ్మం ఎక్కనివ్వదు. అందుకే లినక్స్‌కి మారదామని దాంట్లో రకాలైన ఉబుంటు, ఫెడోరా, మింట్ సినమన్ వారంలో పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూశా. ఉబుంటులో బ్రౌజర్ తెరుచుకునేలోపు టీ తాగేసి రావచ్చు. పైగా నాన్న విండోస్‌లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కరపత్రాలు చేస్తారు, ఆ ఫైళ్ల సంగతేంటి?

మింట్‌మామ:
పెన్‌డ్రైవ్ నుంచి నడిపి స్లో అంటే ఎలా అన్నా, అలా ఏదైనా నత్తే. అక్కడ చూడాల్సింది వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా లేదా, అంతే. మీ అసలు రోగం హార్డ్ డిస్క్. దానికన్నా చాలా వేగంగా ఉండే చిన్న ఎస్ఎస్‌డీ డిస్క్ తగిలించి దాంట్లో మింట్‌లోనే తేలికైన రకం ఎక్స్ఎఫ్‌సీఈ వేయండి, 4 జీబీకి సినమన్ బరువు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం విండోస్ ఉన్న డిస్క్ వైరు పీకేయండి. నేను పీకలేదు, 'ఎరేజ్ డిస్క్' దగ్గర తప్పు డిస్క్ ఎంచుకున్నా, అక్క పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. ఇప్పటికీ ప్రతి పండక్కీ గుర్తుచేస్తుంది.

ఒత్తులక్షరం:
అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అర్థం చేసుకునే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల మీద తెలుగు బొమ్మలు అతికించినట్టు ఉంటాయి. పాత ఫైళ్ల కోసం విండోస్ ఉంచండి, నెట్ తీసేసి వాడుకోండి. కొత్త కరపత్రాలకి పేజ్‌మేకర్ లాంటిదే, లినక్స్‌లో నడిచే స్క్రైబస్ 1.6 చూడండి, 1.4లో ఒత్తులు చెదిరిపోయేవి, ఇప్పుడు కుదురుగా వస్తున్నాయి. తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ అనే ప్రోగ్రాములు వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్‌తో పాటు ఆపిల్ లేఅవుట్ కూడా ఉంటుంది.

మింట్‌మామ:
ఇంకోటి. మింట్ నుంచి విండోస్‌కి వెళ్తే గడియారం 5.30 గంటలు వెనక్కి పోతుంది, బ్యాటరీ పోయిందని బోర్డు విప్పకండి. సిస్టమ్ గడియారంలో మింట్ గ్రీన్‌విచ్ టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుంటుంది. టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో సరిపోతుంది.

పాతసీపీయూ:
ఆపిల్ లేఅవుట్ ఉందనగానే నాన్న "నా చేతికి అదేగా అలవాటు" అని కుర్చీ లాక్కున్నారు. ఎస్ఎస్‌డీ ఇంకా రానేలేదు.