చర్చిలో ఉండే ‘ట్రెజరీ’ని తెలుగులో ఏమనాలి?

గుంటూరులో ఉంటూ అనువాదాలు చేస్తుంటాను. వెనిస్ సెయింట్ మార్క్స్ చర్చి గురించిన వ్యాసంలో ‘ట్రెజరీ’ దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఇక్కడ అది బంగారు, వెండి పాత్రలు, పూజా వస్తువులు భద్రపరిచి సందర్శకులకు చూపించే గది.

మిగతా అర్థాలతో పేచీ లేదు. బ్రిటన్ ట్రెజరీ అంటే ఆర్థిక శాఖ, ట్రెజరీ బెంచీలంటే అధికార పక్షం. ప్రభుత్వం కొద్ది కాలానికి అప్పు తెచ్చుకునే ట్రెజరీ బిల్లులను పత్రికలు అలాగే రాస్తాయి.

మొదట ‘ఖజానా’ అని రాశాను. చదివిన మా బాబాయి “అంటే పెన్షన్ బిల్లులు పాసయ్యే ఆఫీసా?” అన్నారు. మా ఊళ్లో ఆ మాటకు గుర్తొచ్చేది అదే మరి! ‘బొక్కసం’ నాకిష్టమే కానీ వెంటనే రాజుల కథలోకి వెళ్లిపోతాం. ‘కోశాగారం’లో డబ్బే కనిపిస్తోంది. ‘భాండాగారం’ దగ్గరగా ఉంది, అయితే పుస్తక భాండాగారం అలవాటై కొందరు లైబ్రరీ అనుకుంటారేమో. నిఘంటువులు ఈ నాలుగింటి చుట్టూనే తిప్పుతున్నాయి. ‘నిధుల గది’ అంటే లంకెబిందెలు తవ్వినట్టుంది.

ఎల్లుండి సాయంత్రంలోగా విజయవాడకు పంపాలి. “చర్చి ట్రెజరీలో బంగారు పాత్రలు చూడవచ్చు” అనే వాక్యంలో ట్రెజరీ బదులు మీరైతే ఏ మాట వాడతారు?