ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదికను ఊరివాళ్ల ఫోన్లకు చేర్చడం ఎలా?

గట్టుమీదచెట్టు:
బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) యూనిట్ విస్తరణకు ఇంకో 26 రోజుల్లో ప్రజాభిప్రాయ సేకరణ. ఈఐఏ నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలుంది. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) సైటులో తెలుగు సారాంశం దొరికింది గానీ, కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. పాత యూనిట్ షరతులు పాటిస్తోందో లేదో ఎక్కడ చూడాలి? దగ్గర్లోని గాలి నాణ్యత కేంద్రం లెక్కలు సభలో చూపించొచ్చా?

నీటిలెక్క:
ముందుగా, సేకరణ ప్రకటన ఏ తేదీన వెలువడిందో చూడండి. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రకటన నుంచి సేకరణకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. తగ్గితే అదే మీ మొదటి అభ్యంతరం.

తర్వాత పర్యావరణ అనుమతుల ఫైళ్లుండే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో ప్రపోజల్ నంబరుతో వెతకండి, లాగిన్ అక్కర్లేదు. నంబరు ఐఏతో మొదలైతే కేంద్రం చూసే ఫైలు, ఎస్‌ఐఏ అయితే రాష్ట్ర స్థాయిది. అక్కడ ముందుగా దించుకోవాల్సింది టీఓఆర్ (అధ్యయన నిబంధనల) లేఖ. నివేదికలో ఏమేం ఉండాలో అందులోనే రాస్తారు. ఒక్కో అంశానికీ నివేదికలో జవాబున్న పేజీ నంబరు పక్కన రాసుకుంటూ పొండి. జవాబు లేనివే సభలో అడగాల్సిన ప్రశ్నలు. నివేదిక మొత్తం చదవడం కన్నా ఈ పని చాలా మేలు.

పాత షరతుల కోసం పాత ఈసీ (పర్యావరణ అనుమతి) లేఖ, షరతుల అమలుపై యూనిట్ ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదికలు తీయండి. ఇవి ఏటా జూన్ 1, డిసెంబర్ 1కి దాఖలు కావాలి. లేకపోతే ఆర్టీఐ ఆన్‌లైన్‌లో కేంద్ర పర్యావరణ శాఖకు 10 రూపాయలతో దరఖాస్తు పెట్టొచ్చు. అయితే జవాబుకు 30 రోజులు పట్టొచ్చు కాబట్టి సభకు అందకపోవచ్చు. ఆ దరఖాస్తు నంబరునే మీ వినతిపత్రంలో రాయండి. లింకులు మారిపోతుంటాయి, గ్రూపులో ఫైలే పంపండి.

అక్షరశుద్ధి:
ఆ సారాంశం యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో టైపు చేసినట్టుంది. తెరమీద తెలుగు కనిపించినా ఫైలు లోపల ఉండేవి వేరే కోడ్లు, కాపీ చేస్తే అవే బయటపడతాయి. పేజీలను 300 డీపీఐ బొమ్మలుగా మార్చి బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే టెసరాక్ట్‌ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు భాష పెట్టి నడపండి. కంప్యూటర్ లేకపోతే నాలుగైదు పేజీల ముక్కలుగా గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవండి.

ఒత్తులు తప్పుతాయి, అవి సర్దుకోవచ్చు. ప్రమాదమంతా అంకెలతోనే. దశాంశ బిందువు ఎగిరిపోయి 0.05 కాస్తా 005 అవుతుంది. పట్టికల్లోని ప్రతి అంకెనూ అసలు పేజీతో పోల్చాకే పంపండి. ఒక్క తప్పు దొరికినా సభలో మీ కాగితం మొత్తాన్నీ కొట్టిపారేస్తారు.

కేఎల్‌డీ అని రాస్తే ఎవరికీ పట్టదు. అది రోజుకు ఎన్ని వేల లీటర్లో చెప్పే లెక్క. 200 కేఎల్‌డీ అంటే రోజుకు 5 వేల లీటర్ల ట్యాంకర్లు 40 అని చెప్పండి. చదవలేని వాళ్లకు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు.

గాలివాటం:
ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. అందులో లెక్కించేవి 8 కాలుష్యకాలే: పీఎం10, పీఎం2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. మందుల తయారీలో వాడే సాల్వెంట్ల (ద్రావకాల) వాసన అందులోకి రాదు. ఊళ్లో ముక్కు మూసుకునే రోజున కూడా ఏక్యూఐ చూపే సమీర్ యాప్‌లో 'సంతృప్తికరం' అని కనిపించవచ్చు. అది చూపిస్తే మీ వాదనకే దెబ్బ.

సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పోర్టల్‌లో స్టేషన్ ఎంచుకుని, ఉంటే బెంజీన్, టోలుయీన్ గంట సగటులు ఎక్సెల్‌లో దించుకోండి. ఖాళీ గడుల్లో సున్నా పెట్టొద్దు, ఆ సమయానికి రీడింగ్ లేదని అర్థం. గాలి దిశ కాలమ్ కూడా తీసుకోండి. యూనిట్ వైపు నుంచి గాలి రాని గంటల రీడింగులతో ఆ యూనిట్ గురించి ఏమీ చెప్పలేం. స్టేషన్ పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే అసలు వాడకండి. దానికన్నా వాసన వచ్చిన తేదీ, గంట రాసుకున్న రిజిస్టరు నయం.

నీటిలెక్క:
ఇంకొకటి. అభ్యంతరాలు సభకు ముందే పీసీబీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సభను వీడియో తీయాలి. సభలో జరిగిన చర్చల నమోదును (మినిట్స్) పంచాయతీలో, పీసీబీ సైటులో పెట్టాలి. అది రాగానే మీ ప్రశ్నలు అందులో ఉన్నాయో లేదో వెతకండి. లేకపోతే వీడియోలో మీరు మాట్లాడిన నిమిషం నంబరుతో వెంటనే రాయండి.