‘రోము. ఒక వీధి’: వీధి అనాలా, తెరువు అనాలా?

అందరికీ నమస్కారం. ఇక్కడ పెరంబూరులో తెలుగు పిల్లలతో ‘జూలియస్ సీజర్’ మొదటి రంగం వేయిస్తున్నాం. తెర లేవగానే రోములో వీధి. ‘రోము. ఒక వీధి’ అని రాసుకున్నాను గానీ చదివితే ఏదో వెలితిగా ఉంది. వీధికి తమిళంలో ‘తెరు’ ఉందిగా, మన పాతమాట ‘తెరువు’ పెట్టమంటున్నాడు మా తమ్ముడు. పెద్దలు చెప్పండి.

— అమ్మా, వెలితి ‘వీధి’లో లేదు, ‘ఒక’లో ఉంది. ఇంగ్లీషుకి అది కావాలి, మనకు అక్కర్లేదు. ‘రోము నగరం. వీధి.’ చాలు. ‘కన్యాశుల్కం’ తెరిచి చూడండి, విజయనగరంలో బొంకులదిబ్బ. చోటు పేరు చెప్పి గిరీశాన్ని అక్కడ నిలబెట్టేశారు గురజాడ.

మీ తమ్ముడు చెప్పిన చుట్టరికం నిజమే. ‘తెరు’, ‘తెరువు’ ఒక తల్లి బిడ్డలే. కానీ తమిళంలో అది ఇళ్ల మధ్య ఆగింది, మన దగ్గర దారి పట్టింది. తెరువరి అంటే బాటసారి. బతుకుతెరువు అన్నా దారే. వాళ్లకు తెరుక్కూత్తు, మనకు వీధి నాటకం.

ఇక ఆ రంగం చూడండి. వడ్రంగి, చెప్పులు కుట్టేవాడు పని మానుకుని సీజర్ విజయోత్సవం చూడ్డానికి బయటికొచ్చారు. పనిదినాన పనిముట్లు లేకుండా తిరుగుతారేమిటని ట్రిబ్యూన్లు, అంటే ప్రజల తరఫు అధికారులు, నిలదీస్తారు. రోము రాజకీయం వీధికెక్కింది! వీధికెక్కడం, వీధిన పడడం అన్నప్పుడు ఆ మాటలో నలుగురి కళ్లూ ఉంటాయి. తెరువులో అవి లేవు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మన 10 రూపకాల్లో, అంటే సంస్కృత నాటక రకాల్లో, ఒకదాని పేరే ‘వీథి’. ఆ పేరెందుకన్నది వేరే చర్చ. ‘క్రీడాభిరామం’ ఆ కోవలోదే. మంచనశర్మ, టిట్టిభసెట్టి రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు, పూటకూళ్లింట్లో ఒక్క రూకకు భోజనం దొరుకుతుంది. నాకు ప్రాణమైన పుస్తకం.

— ‘ఒక’ కొట్టేశాను మాస్టారూ. మరి థ రాయాలా, ధ రాయాలా?

— రూపకం పేరుకు సంస్కృతంలో ఉన్నట్టే థ. మనం నడిచేదానికి ధ. పిల్లల ప్రతిలో ‘వీధి’ అనే రాయండి. చెప్పులు కుట్టేవాడి చేతికి మాత్రం పనిముట్టేదీ ఇవ్వకండమ్మా, గొడవంతా అది లేదనే.