నాన్నగారితో ప్రపంచ కప్‌కి: హ్యూస్టన్‌లో ఉండాలా, డాలస్‌లోనా?

నమస్కారమండి. మాది గుంటూరు, బ్రాడీపేట. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి నాన్నగారిని తీసుకెళ్తున్నాను. కాలేజీ రోజుల్లో ఆయన గోల్‌కీపర్, ఇది ఆయనకు ఎన్నేళ్ళ కోరికో! వీసాలు వచ్చేశాయి. హ్యూస్టన్‌లో ఒక మ్యాచ్‌కి, జులై 14 డాలస్ సెమీఫైనల్‌కి టికెట్లు దొరికాయి. టెన్షన్ అంతా బస గురించే.

హ్యూస్టన్‌లో మెట్రో రైలు స్టేడియం దగ్గరే ఆగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారికి అదే నయం. డాలస్ స్టేడియం మాత్రం పక్క ఊరు ఆర్లింగ్టన్‌లో ఉంది, అక్కడిదాకా రైలు లేదు. మ్యాచ్ అయ్యాక డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌కి క్యాబ్ దొరుకుతుందా? హ్యూస్టన్, డాలస్‌ల మధ్య దాదాపు 385 కిలోమీటర్లు, పెద్దాయనతో బస్సులో వెళ్ళొచ్చా? రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గది ఇప్పుడే బుక్ చేయడం మంచిదేనా? అక్కడ ఉంటున్నవాళ్ళు దయచేసి చెప్పండి.