గోలీ ఇసుకలో ఒక్కోసారి ఒక్కో లోతుకు దిగుతోంది, ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ఫేర్ కోసం బకెట్ నిండా ఇసుక పోసి, 19 మి.మీ. బేరింగ్ గోలీ వదిలి, ఎంత దిగిందో కొలుస్తున్నాం. 80 సెం.మీ. ఎత్తు నుంచి మొదటిసారి 3.2 సెం.మీ. దిగింది. తర్వాత 2.6, ఆ తర్వాత 2.3. ఎత్తు రెట్టింపు చేసినా లోతు రెట్టింపు కావట్లేదు. శనివారమే ఫేర్, వాడికి ఒకటే టెన్షన్. మాది కూకట్‌పల్లి, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర తెచ్చిన ఇసుక.

జవాబు: రెండు సంగతులు కలిసిపోయాయండి. రీడింగులు తగ్గడం ఇసుక సర్దుకోవడం వల్ల. బియ్యం డబ్బాను తడితే ఇంకో గుప్పెడు పడుతుంది చూడండి, అలాగే. వదులుగా పోసిన ఇసుకలో రేణువులు సుమారు 57 శాతం చోటే తీసుకుంటాయి, మిగతాది గాలి. బాగా సర్దుకుంటే 63 దాకా పోతుంది. ఆ కాస్త తేడాకే లోతు చాలా మారుతుంది. అందుకే ప్రతిసారీ ఇసుకంతా వంపేసి, జల్లెడలోంచి మళ్ళీ పోయండి. బకెట్‌ను తట్టొద్దు, పైన స్కేలుతో గీసి చదును చేయండి చాలు.

లోతు రెట్టింపు కాకపోవడం మాత్రం మీ తప్పు కాదు, మీ ప్రాజెక్టుకు ప్రాణమే అది! 2003లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త డ్యూరియన్ బృందం కొలిచి చూస్తే, లోతు ఎత్తు ఘనమూలాన్ని బట్టి పెరుగుతోందని తేలింది. అంటే ఎత్తు ఎనిమిది రెట్లయితే లోతు రెండు రెట్లు. ఎత్తులో గోలీ దిగిన లోతు కూడా కలపాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. వేగంగా తగిలిన గోలీని ఇసుక అంత గట్టిగా ఎదురు తోస్తుంది. పైగా లోతుకు పోయేకొద్దీ రాపిడి పెరుగుతుంది.

మరో జవాబు: అది రోబో సాండ్ (రాయిని మరలో పొడిచేసి తీసే ఇసుక) అయ్యుంటుంది మేడమ్, రాతిపొడి ఎక్కువ. తడి ఉందేమో కూడా చూడండి. గోలీ పడ్డాక గుంట అంచు జారకుండా నిటారుగా నిలబడితే తడి ఉన్నట్టే. మేడ మీద ఎండబెట్టండి. ఇసుక కుదరకపోతే రాగులు వాడండి, గుండ్రంగా ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: ఎండబెట్టి, జల్లించి పోశాం. 80 నుంచి 3.4, 3.3, 3.4 వచ్చాయి! 18 నుంచి 2.1, 156 నుంచి 4.2. లోతు కలిపితే ఎత్తులు 20, 160, అంటే ఎనిమిది రెట్లు, లోతేమో రెండు రెట్లు. వాడు గెంతులేస్తున్నాడు. గోలీ మునిగిపోతే లోతు ఎలా కొలవాలి?

జవాబు: బకెట్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి, అల్లిక సూదిని గోలీ నెత్తికి తగిలేదాకా మెల్లగా దించండి. స్కేలు నుంచి గోలీ నెత్తి దాకా ఎంతో చూసి, అందులోంచి స్కేలుకూ మొదటి ఇసుక మట్టానికీ మధ్య దూరం తీసేసి, 19 మి.మీ. కలపండి.